క్రేన్ ఈగ బాహ్య శరీర నిర్మాణం: గుర్తింపులోను, నష్ట నిర్ధారణలోను దాని ప్రాధాన్యం

సారాంశం

పొడవైన కాళ్ళ కారణంగా క్రేన్ ఈగను పెద్ద దోమగా పొరబడటం సాధారణం. అయితే సేకరించిన నమూనాలో మొదట ఊడిపోయేవి ఆ కాళ్ళే. వక్షంపై గల ఆంగ్ల ‘వి’ అక్షరం వంటి గాడి, సరళ నేత్రాలు లేకపోవడం, రెక్క అంచును చేరే రెండు ఏనల్ ఈనెలు అనే మూడు లక్షణాలు కాళ్ళు లేని నమూనాలో కూడ నిలిచి ఉంటాయి. ప్రౌఢ కీటకపు నోటి నిర్మాణం అది కుట్టలేదని, పంటను కొరకలేదని తెలియజేస్తుంది. నష్టమేదైనా ఉన్నట్లయితే దానిని డింభక దశలో వెదకవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో క్రేన్ ఈగ శరీర భాగాలు, వాటి పనులు, క్షేత్రస్థాయిలో గుర్తించే క్రమం వివరించబడినవి.

పరిచయం

తెలుగు రైతుల వాడుకలో ‘దోమ’ అన్న మాటకు విస్తృతమైన అర్థం ఉన్నది. రక్తం పీల్చే దోమతో పాటు వరిని ఆశించే సుడిదోమ, పత్తిని, మిరపను, అపరాలను ఆశించే తెల్లదోమ, పత్తిని, బెండను ఆశించే పచ్చదోమ ఇవన్నీ వాడుకలో దోమలే. కీటకశాస్త్ర రీత్యా మొదటిది రెండు రెక్కలు గల డిప్టెరా క్రమానికి చెందినది. మిగిలిన మూడూ నాలుగు రెక్కలు కలిగి, రసం పీల్చే హెమిప్టెరా క్రమానికి చెందినవి. పొలంలో ‘దోమ పడింది’ అన్న మాట వినగానే పిచికారీ ఆలోచన కలగడానికి ఈ వాడుక కొంతవరకు కారణం. వర్షాకాలంలోను, ఆ తరువాతి చల్లని నెలల్లోను దీపాల చుట్టూ, తేమగల గోడలపై, కాలువ గట్ల గడ్డిలో కనిపించే క్రేన్ ఈగను చూచినవారు దానిని కూడ ‘పెద్ద దోమ’ అనే పిలుస్తారు. కావున ఆ పేరు చెప్పి సలహా కోరిన రైతుకు ఏ పురుగు గురించి సమాధానం చెప్పాలో నిర్ణయించడం విస్తరణ శాస్త్రవేత్త చేయవలసిన మొదటి పని.

కొంగవంటి పొడవు కాళ్ళ పక్షి పేరిట ఈ కీటకానికి ఆంగ్లంలో క్రేన్ ఫ్లై అన్న పేరు వచ్చినది. ఇవి డిప్టెరా క్రమంలో టిప్యులాయిడియా అనే ఉపరికుటుంబానికి చెందుతాయి. పూర్వం వీటన్నింటినీ టిప్యులిడే అనే ఒకే కుటుంబంగా పరిగణించేవారు. ప్రస్తుతం టిప్యులిడే, లిమోనిడే, పెడిసిడే, సిలిండ్రోటోమిడే అని నాలుగు కుటుంబాలుగా విభజించే పద్ధతి విస్తృతంగా అనుసరించబడుతున్నది. ప్రపంచవ్యాప్తంగా వర్ణించబడిన జాతుల సంఖ్య 15,000కు పైబడినది. వీటిలో 10,000కు పైగా జాతులను అమెరికా శాస్త్రవేత్త చార్లెస్ పాల్ అలెగ్జాండర్ (1889–1981) ఒక్కరే వర్ణించడం విశేషం. భారతదేశపు జాతుల విషయంలో ఎన్రికో బ్రునెట్టి 1912లో ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ గ్రంథమాలలో వెలువరించిన సంపుటం తొలి ఆధార గ్రంథాలలో ముఖ్యమైనది.

పరిమాణంలో ఈ కీటకాల మధ్య గొప్ప వ్యత్యాసం ఉన్నది. కొన్ని లిమోనిడే జాతులు దోమకన్నా చిన్నవిగా ఉండగా, తూర్పు ఆసియాలోని హోలోరూసియా మికాడో అనే జాతిలో చాచిన రెక్కల వెడల్పు 10 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. కావున పరిమాణాన్ని మాత్రమే గుర్తుగా తీసుకొనడం సరికాదు.

నమూనా సేకరణలో జాగ్రత్తలు

క్రేన్ ఈగను వేళ్ళతో పట్టుకొన్నచో ఒకటి రెండు కాళ్ళు చేతిలోనే మిగిలిపోతాయి. దీపపు ఎరలో ఇతర కీటకాలతో కలిసి పడినప్పుడు కాళ్ళన్నీ ఊడి, శరీరం, రెక్కలు మాత్రమే లభించడం తరచుగా జరుగుతుంది. అందువలన ఒక్కొక్క కీటకాన్ని విడివిడిగా చిన్న కాగితపు మడతలో పొడిగా ఆరబెట్టి భద్రపరచడం మేలు. ఊడిన కాళ్ళను కూడ అదే మడతలో ఉంచాలి. సేకరించిన స్థలం, తేదీ, ఎర రకం ఆ కాగితంపైనే వ్రాయాలి. 70 శాతం ఆల్కహాలులో నిల్వ చేసినచో మెత్తని భాగాలు చెడకుండా ఉంటాయి గాని, రంగు కొంత తగ్గుతుంది, సీసా కదిలినపుడు కాళ్ళు రాలుతాయి.

వక్షంపై గాడిని, హాల్టీర్లను 10 రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకంతో చూడవచ్చును. స్పర్శశృంగాల ఖండితాలను లెక్కించడానికి, మగ జననాంగాలను పరిశీలించడానికి స్టీరియో సూక్ష్మదర్శిని అవసరం. జననాంగాలను జాతి స్థాయిలో పరిశీలించదలచినపుడు ఉదరపు చివరి భాగాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి, మెత్తని కణజాలాన్ని తొలగించి, నీటితో కడిగి, గ్లిజరిన్‌లో చూడటం పరిపాటి.

శిరస్సు

శిరస్సు వక్షంతో పోల్చినపుడు చిన్నది. దాని ముందు భాగం మూతివలె సాగి ఉంటుంది. దీనిని రోస్ట్రమ్ అంటారు. టిప్యులిడే కుటుంబంలోని అధిక జాతులలో ఈ మూతి పైభాగాన చిన్న మొనదేలిన ముక్కువంటి పొడుచుకు ఉంటుంది. దీని పేరు నాసస్. లిమోనిడే కుటుంబంలో ఇది ఉండదు.

ఇరువైపులా పెద్ద సంయుక్త నేత్రాలు ఉంటాయి. అనేక ఈగలలో తల పైభాగాన కనిపించే మూడు సరళ నేత్రాలు క్రేన్ ఈగలలో ఉండవు. చల్లని ప్రాంతాలలో కనిపించి, చూపునకు ఇదేవిధంగా ఉండే ట్రైకోసెరిడే కుటుంబపు ఈగలకు మూడు సరళ నేత్రాలు ఉంటాయి. కావున ఈ ఒక్క లక్షణం రెండు వర్గాలను స్పష్టంగా వేరుచేస్తుంది. పెడిసిడే కుటుంబంలో సంయుక్త నేత్రపు ముఖాల నడుమ సన్నని రోమాలు నిలిచి ఉండటం ఆ కుటుంబానికి గుర్తు.

స్పర్శశృంగం స్కేప్, పెడిసెల్, ఫ్లాజెల్లమ్ అనే మూడు భాగాలుగా ఉంటుంది. టిప్యులిడేలో మొత్తం ఖండితాలు సాధారణంగా 13, లిమోనిడేలో 14 నుండి 16 వరకు ఉంటాయి. రెండవ ఖండితమైన పెడిసెల్‌లో జాన్‌స్టన్ అవయవం ఉంటుంది. స్పర్శశృంగపు కదలికలను గ్రహించే జ్ఞానేంద్రియం ఇదే. టీనోఫోరా ప్రజాతి మగ ఈగలలో స్పర్శశృంగాలు దువ్వెన పళ్ళవలె శాఖలుగా ఉంటాయి.

నోటి భాగాల నిర్మాణం ఈ కీటకం స్వభావాన్ని స్పష్టంగా తెలుపుతుంది. ఆడ దోమలో హనువులు, జంభికలు సన్నని సూదులవలె మారి చర్మాన్ని ఛేదిస్తాయి. ప్రౌఢ క్రేన్ ఈగలో హనువులు ఉండవు. అధరం చివర రెండు మెత్తని పలకలు ఉంటాయి. వీటిని లేబెల్లా అంటారు. వాటిపైగల సన్నని కాలువల ద్వారా నీటిని, మంచుబిందువులను, పూల మకరందాన్ని పీల్చుకొనగలదు. కొన్ని జాతులు ప్రౌఢ దశలో దాదాపుగా ఆహారమే తీసుకొనవు. కనుక ఈ కీటకం మనిషిని గాని, పశువును గాని కుట్టలేదు, ఆకును కొరకలేదు, కాండం నుండి రసం పీల్చలేదు. అమెరికాలో కొందరు దీనిని ‘మస్కిటో హాక్’ అని పిలిచి, దోమలను వేటాడి తింటుందని నమ్మడం కూడ ఇదే కారణం చేత నిరాధారం. లిమోనిడేలోని జెరానోమియా వంటి ప్రజాతులలో నోటి భాగాలు దోమ తొండంవలె పొడవుగా ఉన్నప్పటికీ అవి మకరందం పీల్చడానికి ఏర్పడినవే.

జంభికా స్పర్శకాలు కుటుంబ స్థాయి గుర్తింపునకు ఉపకరిస్తాయి. టిప్యులిడేలో చివరి ఖండితం కొరడావలె బాగా పొడవుగా ఉంటుంది. లిమోనిడేలో అది పొట్టిగా, ముందున్న ఖండితాలతో ఇంచుమించు సమానంగా ఉంటుంది.

వక్షం

డిప్టెరా కీటకాలు ముందు జత రెక్కలతోనే ఎగురుతాయి. ఆ రెక్కలు మధ్యవక్షంపై ఉండటం వలన వక్షంలో అధిక భాగం మధ్యవక్షమే ఆక్రమిస్తుంది. ముందు వక్షం, వెనుక వక్షం సన్నని పట్టీలవలె తగ్గి ఉంటాయి. పైనుండి చూచినపుడు మధ్యవక్షపు పృష్ఠఫలకం ముందునుండి వెనుకకు ప్రీస్క్యూటం, స్క్యూటం, స్క్యూటెల్లం అనే భాగాలుగాను, వాటి వెనుక ఉబ్బెత్తుగా ఉండే మీడియోటెర్గైట్ గాను కనిపిస్తుంది.

ప్రీస్క్యూటం, స్క్యూటంల నడుమ గల అడ్డగాడి క్రేన్ ఈగలో రెండు ప్రక్కల నుండి వెనుకకు వంగి, నడుమ కలిసి, ‘వి’ ఆకారాన్ని పొందుతుంది. గుర్తింపులో అన్నింటికన్న ప్రధానమైన లక్షణం ఇదే. దోమలోను, కైరోనమిడ్ ఈగలోను, ఉల్లికోడు ప్రౌఢ కీటకంలోను ఇటువంటి స్పష్టమైన ‘వి’ గాడి ఉండదు. అవభాసిని దృఢంగా ఉండటం వలన ఎండిన నమూనాలో సైతం ఈ గాడి చెదరదు. వెలుతురు ప్రక్కనుండి పడునట్లు నమూనాను కొంచెం వంచి చూచినచో గాడి నీడగా కనిపిస్తుంది. నలుపు, పసుపు చారలు గల నెఫ్రోటోమా ప్రజాతిలో చారలు గాడిని కప్పివేసినట్లు తోచినపుడు ఈ పద్ధతి ప్రత్యేకంగా ఉపకరిస్తుంది.

రెక్కలు

రెక్కలు పొడవుగా, ఇరుకుగా, పారదర్శకంగా ఉంటాయి. కొన్ని జాతులలో గోధుమరంగు మచ్చలు, పట్టీలు ఉంటాయి. ముందు అంచుకు చేరువగా చాలా జాతులలో స్టిగ్మా అనే ముదురు మచ్చ కనిపిస్తుంది. దోమ రెక్క ఈనెలపైన, అంచుపైన పొలుసులు ఉంటాయి. క్రేన్ ఈగ రెక్కపై అటువంటి పొలుసుల అంచు ఉండదు.

కామ్‌స్టాక్–నీధామ్ పద్ధతిలో ఈనెలను ముందు అంచు నుండి వెనుకకు కోస్టా, సబ్‌కోస్టా, రేడియస్, మీడియా, క్యూబిటస్, ఏనల్ ఈనెలుగా గుర్తిస్తారు. క్రేన్ ఈగ రెక్కలో అంచును చేరే ఈనెలు తొమ్మిది లేక అంతకన్న ఎక్కువగా ఉంటాయి. రెక్క బయటి సగంలో అనేక జాతులలో మూసుకొన్న చిన్న గడి ఉంటుంది. దీనిని డిస్కల్ గడి అంటారు. రెక్క వెనుక భాగంలో రెండు ఏనల్ ఈనెలు అంచువరకు చేరడం ఈ వర్గానికి ముఖ్య లక్షణం. వక్షంపై ‘వి’ గాడి ఉన్నప్పటికీ ఒకే ఏనల్ ఈనె అంచును చేరినచో ఆ కీటకం టైకోప్టెరిడే అనే వేరొక కుటుంబానికి చెందినదిగా భావించాలి. ఉల్లికోడు రెక్కలో ఈనెల సంఖ్య చాలా తక్కువ. కనుక ఒక్క రెక్క మాత్రమే లభించినను ఈ రెంటిని పొరబడవలసిన అవసరం లేదు.

టిప్యులా ప్రజాతి ఈగలు రెక్కలను సెకనుకు సుమారు 50 నుండి 60 సార్లు ఆడిస్తాయి. దోమలో ఈ సంఖ్య కొన్ని వందలు. చెవిదగ్గర దోమ చేసే సన్నని రొద క్రేన్ ఈగ వలన కలగకపోవడానికి కారణం ఇదే.

హాల్టీర్లు

వెనుక జత రెక్కల స్థానంలో, కాడ చివర గుండు అమర్చినట్లు, రెండు చిన్న అవయవాలు ఉంటాయి. వీటిని హాల్టీర్లు లేక సమతౌల్యకాలు అంటారు. అన్ని ఈగలలోను ఇవి ఉన్నప్పటికీ చాలా వాటిలో సూక్ష్మంగానో, పొలుసుల చాటుననో ఉంటాయి. పెద్ద క్రేన్ ఈగలలో ఇవి కంటికే కనిపిస్తాయి. తరగతి గదిలో డిప్టెరా క్రమ లక్షణాన్ని చూపడానికి ఇంతకన్న అనువైన కీటకం అరుదు.

హాల్టీర్లను తొలగించినచో ఈగ సరిగా ఎగరలేదని 18వ శతాబ్దపు ఆరంభంలోనే ఆంగ్లేయుడు విలియం డెర్హామ్ గమనించెను. దానికి కారణాన్ని జె.డబ్ల్యు.ఎస్. ప్రింగిల్ 1948లో వివరించెను. హాల్టీర్లు రెక్కలు ఆడే వేగంతోనే, వాటికి వ్యతిరేక దిశలో ఆడతాయి. శరీరం ఏదైనా ఒక ప్రక్కకు తిరిగినపుడు ఆడుచున్న గుండుపై కలిగే బలం కాడ మొదట అవభాసినిని స్వల్పంగా వంచుతుంది. అక్కడగల గంటాకార జ్ఞానేంద్రియాలు ఆ వంపును గ్రహించి నాడీమండలానికి తెలుపగా, రెక్కల కదలిక వెంటనే సవరించబడుతుంది. హాల్టీరు కేవలం బరువు సరిచూచే భాగం కాదని, దిశను కొలిచే జ్ఞానేంద్రియమని దీనివలన తెలియుచున్నది.

కాళ్ళు

ప్రతి కాలు కోక్సా, ట్రోకాంటర్, ఫీమర్, టిబియా, ఐదు ఖండితాల టార్సస్ అనే భాగాలు కలిగి ఉంటుంది. ఫీమర్, టిబియా, టార్సస్‌లు అసాధారణంగా పొడవైనవి. టిప్యులా ప్రజాతిలో టిబియా చివర ముళ్ళవంటి స్పర్‌లు ఉంటాయి. దోమలో ఇవి ఉండవు.

ఫీమర్‌ను ట్రోకాంటర్‌తో కలిపే కీలు బలహీనంగా ఉండటం వలన సాలెపురుగు గాని, పక్షి గాని కాలు పట్టుకొన్నచో అది ఆ కీలు వద్దనే తెగిపోతుంది. కాలు శత్రువుకు దక్కుతుంది, కీటకం తప్పించుకొంటుంది. ఈ స్వయంఛేదనం చేసుకొనే శక్తి బల్లి తోక విడుచుటను పోలినది. అయితే బల్లికి తోక మరల పెరుగుతుంది. ప్రౌఢ కీటకానికి నిర్మోచనం ఉండదు గనుక పోయిన కాలు మరల రాదు. అయినను నాలుగైదు కాళ్ళతో ఎగురుచు, జతకట్టుచు, గ్రుడ్లు పెట్టుచుండే ఈగలు ప్రకృతిలో సాధారణం. పొడవు కాళ్ళు నడకకన్న గడ్డిపోచలను పట్టుకొని వ్రేలాడటానికే ఎక్కువగా ఉపకరిస్తాయి.

ఉదరం, జననాంగాలు

ఉదరం సన్నగా, పొడవుగా ఉంటుంది. దాని చివరి భాగాన్ని బట్టి ఆడ, మగ కీటకాలను కంటితోనే వేరుచేయవచ్చును. మగ ఈగ ఉదరం చివర మొద్దుగా ఉబ్బి, తరచు పైకి తిరిగి ఉంటుంది. ఈ భాగాన్ని హైపోపైజియం అంటారు. ఇందులో జతకట్టునపుడు ఆడ ఈగను పట్టుకొనే గోనోకాక్సైట్లు, వాటి చివర గోనోస్టైల్‌లు, నడుమ ఈడియాగస్, దానికి సంబంధించిన శుక్రపంపు ఉంటాయి. ఈ భాగాల ఆకృతి ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క విధంగా ఉండుటచేత జాతి నిర్ధారణకు ఇవే ప్రధాన ఆధారం.

ఆడ ఈగ ఉదరం చివర మొనదేలి ఉంటుంది. పైన ఒక జత సెర్సై, క్రింద ఎనిమిదవ ఖండితపు ఉరఃఫలకం నుండి ఏర్పడిన ఒక జత కవాటాలు కలిసి అండనిక్షేపకంగా పనిచేస్తాయి. నేలలో గ్రుడ్లు పెట్టే జాతులలో సెర్సై గట్టిగా, పదునుగా ఉంటాయి. దీనిని చూచి కొండి అని భయపడేవారు ఉన్నారు. తేనెటీగ, కందిరీగల కొండి కూడ అండనిక్షేపకం నుండి రూపొందినదే అయినను, వాటిలో దానికి విషగ్రంథి జతపడి ఉంటుంది. క్రేన్ ఈగలో విషగ్రంథి లేదు. ఆ మొన తడినేలను గ్రుచ్చడానికి మాత్రమే పనికివస్తుంది.

ఒకదానినొకటి పోలిన జాతులను సూక్ష్మ లక్షణాలతో వేరుచేయుట ఎంత అవసరమో యూరప్‌లోని రెండు జాతులు తెలుపుతాయి. టిప్యులా పాలుడోసా స్పర్శశృంగంలో 14 ఖండితాలు ఉండి, ఆడ ఈగ రెక్కలు ఉదరంకన్న పొట్టిగా ఉంటాయి. టిప్యులా ఒలెరేసియాలో ఖండితాలు 13, ఆడ ఈగ రెక్కలు ఉదరంకన్న పొడవు. మొదటి దానికి సంవత్సరానికి ఒకే తరం, రెండవ దానికి రెండు తరాలు ఉంటాయి. ఒక్క ఖండితపు లెక్క తప్పినచో డింభకాలు నేలలో ఏ నెలలో ఉంటాయన్న అంచనా కూడ తప్పుతుంది.

గ్రుడ్డు, డింభకం, ప్యూపా

టిప్యులా గ్రుడ్లు నల్లగా, మెరుస్తూ, సుమారు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటాయి. గ్రుడ్డుకు, తొలిదశ డింభకానికి తేమ అత్యవసరం. ఆ సమయంలో నేల ఎండినచో అధిక భాగం నశిస్తాయి.

డింభకం కాళ్ళు లేకుండ, గొట్టంవలె, బూడిద లేక మట్టి రంగులో ఉంటుంది. చర్మం తోలువలె గట్టిగా ఉండటం వలన ఆంగ్లంలో ‘లెదర్‌జాకెట్’ అంటారు. తల కవచం వెనుక భాగం అసంపూర్ణంగా ఉండి, ముందు వక్షంలోకి ముడుచుకొనిపోతుంది. అందువలన తల లేనట్లే కనిపిస్తుంది. ప్రౌఢ దశలో లేని హనువులు ఈ దశలో దృఢంగా, పళ్ళతో ఉంటాయి.

డింభకం వెనుక చివర చదునైన బిళ్ళవంటి భాగంపై రెండు శ్వాసరంధ్రాలు కన్నులవలె కనిపిస్తాయి. వాటి చుట్టూ టిప్యులిడేలో సాధారణంగా ఆరు, లిమోనిడేలో సాధారణంగా ఐదు కండగల తమ్మెలు ఉంటాయి. నీటిలో మునిగినపుడు తమ్మెలు దగ్గరకు ముడుచుకొని రంధ్రాలను కాపాడతాయి. ఈ బిళ్ళను తలగా పొరబడటం విద్యార్థులలో తరచు జరిగే తప్పు.

నేలలో దొరికే ఇతర పురుగుల నుండి దీనిని వేరుచేయుట సులభం. వేరుపురుగుకు గోధుమరంగు గట్టి తల, మూడు జతల కాళ్ళు ఉండి, శరీరం అర్ధచంద్రాకారంగా వంగి ఉంటుంది. మొక్కల మొదళ్ళను కత్తిరించే గొంగళి పురుగుకు స్పష్టమైన తల, వక్షంపై మూడు జతల కాళ్ళు, ఉదరంపై మెత్తని కాళ్ళు ఉంటాయి. క్రేన్ ఈగ డింభకంలో వీటిలో ఏదియు లేదు.

డింభకం నాలుగు దశలలో పెరిగి ప్యూపాగా మారుతుంది. ప్యూపా వక్షంపై రెండు శ్వాస కొమ్ములు, ఉదరంపై ముళ్ళ వరుసలు ఉంటాయి. ఈ ముళ్ళ సహాయంతో అది నేలపైకి ప్రాకివస్తుంది. ఈగ వెలువడిన తరువాత ఖాళీ కోశం సగం నేలలో, సగం బయట నిలిచి ఉంటుంది. ఆ స్థలంలోనే డింభకాలు పెరిగినవని చెప్పడానికి ఇది నమ్మదగిన క్షేత్ర ఆధారం.

నిర్మాణం నుండి నష్ట నిర్ధారణకు

క్రేన్ ఈగ డింభకాలలో అధిక భాగం కుళ్ళిన ఆకులను, నాచును, చివికిన కలపను తిని, వాటిని చిన్న ముక్కలుగా మార్చి, నేలకు చేర్చుతాయి. హెక్సటోమా, పెడిసియా వంటి ప్రజాతుల డింభకాలు ఇతర చిన్న జీవులను వేటాడతాయి. సజీవమైన వేళ్ళను, మొదళ్ళను కొరికే జాతులు కొన్ని మాత్రమే.

ఆ కొన్నింటి వలన కలిగే నష్టం తక్కువది కాదు. వాయవ్య యూరప్‌లో టిప్యులా పాలుడోసా పచ్చికబయళ్ళకు, వసంతకాలపు చిరుధాన్యపు పైర్లకు ప్రధాన శత్రువు. 1935లో లండన్‌లోని లార్డ్స్ క్రికెట్ మైదానంలో ఈ డింభకాలు గడ్డి వేళ్ళను తినివేయగా పిచ్ బట్టతలవలె మారి, ఆ ఋతువులో బంతి అలవాటుకు మించి తిరిగెను. ఆ ఏడాది ఆ మైదానంలోనే దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లండ్ గడ్డపై తన మొదటి టెస్టు విజయం సాధించెను. 1965లో ఈ జాతి కెనడా పశ్చిమతీరంలోని బ్రిటిష్ కొలంబియాలో గుర్తించబడినది. జపాన్‌లో టిప్యులా ఐనో డింభకాలు వరి నారును దెబ్బతీస్తాయి. పాలుడోసా నివారణలో స్టైనర్‌నీమా ఫెల్టియే అనే నులిపురుగు ఉపయోగపడుతుంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా ముఖ్యంగా చిన్న డింభకాలపై పనిచేస్తుంది. ఇవి నేలలోని డింభకాల కొరకు ఉద్దేశించినవే గాని, ఎగిరే ఈగల కొరకు కాదు.

తెలుగు ప్రాంతాలలో వరికి కాండం తొలుచు పురుగు, సుడిదోమ, ఉల్లికోడు, ఆకుముడత పురుగు ముఖ్య చీడలు. ఈ వరుసలో క్రేన్ ఈగ లేదు. అట్టి స్థితిలో దీపం చుట్టూ చేరిన ‘పెద్ద దోమ’ను చూచి పిచికారీ చేసినచో మందు, కూలి వృథా కావడమే గాక మరొక నష్టం కూడ ఉన్నది. ఇండోనేషియాలోని జావా వరి పొలాలపై 1996లో ప్రచురితమైన సెటిల్, ఆయన సహచరుల పరిశోధన ప్రకారం, పైరు తొలిదశలో కుళ్ళిన పదార్థాన్ని, నీటిలోని సూక్ష్మజీవులను తినే కీటకాలు సాలెపురుగుల వంటి మిత్ర జీవులకు ఆహారమై, చీడలు రాకముందే వాటి సంఖ్యను పెంచుతాయి. తొందరపడి చేసిన పిచికారీ ఈ రక్షణను చెదరగొడుతుంది. సుడిదోమ ఉధృతికి దారితీసే కారణాలలో ఇది ముఖ్యమైనది. దోమ కాని దానిపై చల్లిన మందు అసలు సుడిదోమకు దారి చూపగలదు.

నారుమడిలో మొక్కలు చనిపోయినచోట క్రేన్ ఈగ డింభకం కనిపించినంత మాత్రాన అదే కారణమని నిర్ణయించరాదు. చనిపోయిన వేళ్ళను తినడానికి తరువాత చేరినదై ఉండవచ్చును. వేళ్ళపై తాజా కొరుకుడు గుర్తులు ఉన్నవా, ఆరోగ్యంగా ఉన్న మొక్కల వద్ద కూడ డింభకాలు ఉన్నవా, డింభకపు జీర్ణనాళంలో పచ్చని కణజాలం ఉన్నదా, చివికిన పదార్థం ఉన్నదా అన్న మూడు విషయాలు పరిశీలించిన తరువాతనే సలహా ఇవ్వాలి.

దీపపు ఎరలో గుర్తింపు క్రమం

1. ముందుగా రెక్కలు లెక్కించాలి. నాలుగు ఉన్నచో అది డిప్టెరా కాదు. సుడిదోమ, పచ్చదోమల వంటి వాటిని ఇక్కడనే వేరుచేయాలి. రెండు రెక్కలు, రెండు హాల్టీర్లు ఉన్నచో తరువాతి మెట్టుకు వెళ్ళాలి.

2. వక్షంపై ‘వి’ గాడిని చూడాలి. గాడి లేక, రెక్క ఈనెలపై పొలుసులు, పొడవైన తొండం ఉన్నచో దోమ. పొలుసులు, తొండం లేక, మగ కీటకపు స్పర్శశృంగాలు కుచ్చువలె ఉన్నచో కైరోనమిడ్ ఈగ. సుమారు 3 మిల్లీమీటర్ల శరీరం, పూసలు గ్రుచ్చినట్లుండే స్పర్శశృంగాలు, అతి తక్కువ ఈనెలు ఉన్నచో ఉల్లికోడుగా అనుమానించి, ఆ నమూనాను ప్రత్యేకంగా నిర్ధారణకు పంపాలి.

3. గాడి ఉన్నచో సరళ నేత్రాలను వెదకాలి. అవి ఉన్నచో ట్రైకోసెరిడే.

4. సరళ నేత్రాలు లేనిచో ఏనల్ ఈనెలను చూడాలి. ఒకటి మాత్రమే అంచును చేరినచో టైకోప్టెరిడే. రెండు చేరినచో క్రేన్ ఈగ.

5. కుటుంబం కొరకు జంభికా స్పర్శకపు చివరి ఖండితం, నాసస్, నేత్రాలపై రోమాలు చూడాలి.

6. ఉదరపు చివరను బట్టి ఆడ, మగ కీటకాలను విడిగా లెక్కించి నమోదు చేయాలి.

ముగింపు

పై క్రమంలో కాళ్ళ పొడవు ఎక్కడను గుర్తుగా తీసుకొనబడలేదు. రైతు దృష్టిని మొదట ఆకర్షించేది కాళ్ళే అయినను, నమూనా ప్రయోగశాలకు చేరేసరికి అవి మిగలకపోవచ్చును. వక్షపు గాడి, రెక్క ఈనెలు మాత్రం మిగులుతాయి. ప్రౌఢ కీటకానికి హనువులు లేవు, డింభకానికి ఉన్నవి. కావున ఎరలో పడిన ఈగల సంఖ్యను బట్టి గాక, నేలలోని డింభకాన్ని, దాని ఆహారాన్ని బట్టి నష్టాన్ని అంచనా వేయాలి. వ్యవసాయ కళాశాలల ప్రయోగ తరగతులలో ఒక క్రేన్ ఈగను, ఒక దోమను, ఒక ఉల్లికోడును, ఒక సుడిదోమను ప్రక్కప్రక్కన ఉంచి పై ఆరు మెట్లను విద్యార్థులచే చేయించినచో, ‘దోమ పడింది’ అన్న ఫిర్యాదు వచ్చిన నాడు వారు మందు పేరు చెప్పడానికి ముందు కటకాన్ని చేత పట్టుకొంటారు.